పేగులు ఎవరి మాట వింటాయి?

ముద్దను నోట్లో పెట్టుకోవాలా వద్దా అన్నది మన ఇష్టం. ఎంతసేపు నమలాలన్నదీ మన ఇష్టమే. మింగిన మరుక్షణం మన అధికారం ముగుస్తుంది. గొంతు దాటిన ముద్ద ఆగమంటే ఆగదు, త్వరగా పొమ్మంటే పోదు. మళ్ళీ మన మాట చెల్లేది ఒకటి రెండు రోజుల తర్వాత, అందులో మిగిలిన వ్యర్థం శరీరాన్ని విడిచే ద్వారం దగ్గర మాత్రమే. ఈ రెండు కొసల నడుమ సుమారు ఎనిమిది మీటర్ల దారి ఉంది. ఆ దారి పొడవునా ఆహారాన్ని నెట్టేది, ఆపేది, కలిపేది, ఊడ్చేది మనం కాము. మరి ఎవరు?

ఈ నెల ఈ విషయాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. మేముండేది గోదావరిఖనిలో. ఫజ్ర్ నమాజు తర్వాత మస్జిదు గుమ్మం వద్ద మమ్మల్ని ఆపి దుఆ చేయమని కోరేవారిలో చాలామంది చెప్పేది కడుపు సంగతే. ‘మౌల్వీ సాబ్, నాలుగు దినాలైంది, కడుపు కదలడం లేదు’ అని రాత్రి షిఫ్టు దిగి వచ్చిన కార్మికుడు అంటాడు. ‘పసిబిడ్డ దొడ్డికి పోలేదు, నీళ్ళపై దమ్ చేసి ఇవ్వండి’ అని ఒక నానీమా కబురు పంపుతుంది. దుఆ చేస్తాము, చేయవలసిందే. అయితే జబ్బుకు చికిత్స చేయించుకోమని కూడా దైవప్రవక్త (స) మనకు ఆదేశించారు. పేగు ఎలా కదులుతుందో కొంత తెలిసి ఉంటే, ఏ కడుపు బాధను ఇంట్లోనే సరిదిద్దుకోవచ్చో, దేనికి ఆ రాత్రే ఆసుపత్రికి పరుగెత్తాలో గుర్తించడం సులభమవుతుంది. మేము వైద్యులం కాము. వైద్యుల రచనలు చదివి, వారిని అడిగి తెలుసుకున్నదే ఇక్కడ విన్నవిస్తున్నాము.

మా విద్యార్థి దశలో యూనానీ తిబ్ ప్రస్తావన పాఠాల మధ్య తరచూ వచ్చేది. 1037లో మరణించిన ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’ గ్రంథంలో, గ్రీకు వైద్యుడు జాలీనూస్ బాటలోనే, శరీరానికి నాలుగు సహజ శక్తులు ఉన్నాయని వివరించారు. లాక్కునేది జాజిబా, పట్టి ఉంచేది మాసికా, అరిగించేది హాజిమా, బయటకు నెట్టేది దాఫిఆ. హైదరాబాదు హకీముల నోట ఈ పేర్లు ఈనాటికీ వినిపిస్తాయి. వీటిని తీసిపారేయనవసరం లేదు. పట్టి ఉంచడం, నెట్టివేయడం రెండు వేర్వేరు పనులనీ, ఒకటి మితిమీరితే రెండవది దెబ్బతింటుందనీ ఆ పెద్దలు సరిగ్గానే గ్రహించారు. ఆ పని చేసేవారిని కంటితో చూడడానికి మాత్రం వారికి సూక్ష్మదర్శిని లేదు.

అది వచ్చాక కనిపించినది ఇది. పేగు గోడలో రెండు కండర పొరలు ఉన్నాయి. లోపలి పొరలోని పోగులు ఉంగరాల్లా పేగును చుట్టుకొని ఉంటాయి. అవి ముడుచుకుంటే పేగు సన్నబడుతుంది. బయటి పొర పోగులు పేగు పొడవునా సాగి ఉంటాయి; అవి ముడుచుకుంటే పేగు పొట్టిదవుతుంది. ఈ రెండు పొరల నడుమ చేపలవల వంటి నరాల అల్లిక ఒకటి, లోపలి పొరకు కింద మరొకటి. కింది అల్లికను మైస్నర్, నడిమి అల్లికను ఔవర్‌బాఖ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు పంతొమ్మిదవ శతాబ్దం మధ్యలో వర్ణించారు. అన్నవాహిక నుంచి మలద్వారం దాకా వ్యాపించిన ఈ వలలో పది కోట్లకు పైబడిన నాడీకణాలు ఉన్నాయి. అందుకే కొందరు దీనిని రెండవ మెదడు అంటారు. ఆలోచించలేని దానిని మెదడు అనడం మాకు అంతగా రుచించదు. కానీ అది చేసే పని తెలిస్తే ఆ పేరు ఎందుకు పెట్టారో అర్థమవుతుంది.

ఇంట్లో పైజామాకు నాడా ఎక్కించే అమ్మీని గమనించండి. నేఫాలోకి పిన్ను దూర్చి, పిన్ను వెనుక గుడ్డను వేళ్ళతో బిగించి పట్టుకుంటుంది. ముందరి గుడ్డను వదులు చేసి సాగదీస్తుంది. పిన్ను ఒక అంగుళం ముందుకు జరుగుతుంది. మళ్ళీ వెనుక బిగింపు, ముందు వదులు. ముందు వదులు చేయకుండా వెనుక ఎంత నెట్టినా పిన్ను గుడ్డలో గుచ్చుకొని ఆగిపోతుంది. పేగు చేసేదీ అదే. ముద్దకు వెనుక భాగం ముడుచుకోవాలి, ముందు భాగం సడలాలి, రెండూ ఒకే సమయంలో జరగాలి. దీనినే వైద్యులు పెరిస్టాల్సిస్ అంటారు. కండరానికి ముడుచుకొనే బలం ఉంటే చాలదు. ఎక్కడ, ఎప్పుడు సడలాలో చెప్పేవారు కావాలి.

చెప్పేది తలలోని మెదడే అయివుంటుందని చాలాకాలం అనుకున్నారు. 1899లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మత్తు ఇచ్చిన కుక్కలలో పేగుకు బయటి నుంచి వచ్చే నరాలను కోసివేసి చూశారు. పేగులో ఒకచోట ఒత్తిడి కలిగిస్తే, దానికి ఎగువన ముడుత, దిగువన సడలింపు అప్పటికీ వచ్చాయి. 1917లో ట్రెండెలెన్‌బర్గ్ అనే జర్మన్ వైద్యుడు గినీ పంది పేగు ముక్కను శరీరం నుంచి పూర్తిగా వేరు చేసి, ద్రవంలో ఉంచి, లోపల కొంచెం ద్రవం నింపాడు. తల లేదు, వెన్నుపాము లేదు, రక్తప్రసరణ లేదు. అయినా ఆ ముక్క వరుసగా ముడుచుకుంటూ ద్రవాన్ని ఒక దిక్కుకే నెట్టింది.

బొగ్గుబాయి ఎరిగిన మా పాఠకులకు ఇది వింతగా తోచకూడదు. గని మొత్తానికి మేనేజరు ఉంటాడు, ఆయనపై జనరల్ మేనేజరు కార్యాలయం ఉంటుంది. కానీ భూగర్భంలో పనిస్థలం వద్ద పైకప్పు గుల్లగా మోగితే మనుషులను వెనక్కి పంపవలసినవాడు అక్కడున్న మైనింగ్ సర్దార్. పైకి ఫోను చేసి, అనుమతి వచ్చేదాకా ఆగే తీరిక అక్కడ ఉండదు. పేగులోనూ ప్రతి అడుగుకూ ఒక సర్దార్ ఉన్నాడు. ముద్ద తగిలి గోడ సాగగానే లోపలి పొరలోని కొన్ని కణాలు సెరటోనిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. శరీరంలోని సెరటోనిన్‌లో తొంభై శాతం ఉండేది పేగులోనే. అది తాకగానే పక్కనున్న నరం మేలుకొని రెండు దిక్కులకూ వార్త పంపుతుంది. ఎగువకు వెళ్ళిన వార్త ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం ద్వారా కండరాన్ని ముడిపిస్తుంది. దిగువకు వెళ్ళిన వార్త ముఖ్యంగా నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు ద్వారా కండరాన్ని సడలిస్తుంది. ముద్ద జరుగుతుంది, తరువాతి చోట గోడ సాగుతుంది, అక్కడి సర్దార్ పని అందుకుంటాడు.

మెదడుకు పాత్రే లేదని దీని అర్థం కాదు. మింగడాన్ని ప్రారంభించేది మెదడే. అన్నవాహిక పైభాగంలోని కండరాలు నేరుగా దాని ఆజ్ఞతోనే పనిచేస్తాయి. భయం, దుఃఖం, కోపం కలిగినప్పుడు కడుపులో కలిగే మార్పు అందరికీ అనుభవమే. అయితే మెదడుకూ పేగుకూ మధ్య సాగే వేగస్ నాడిలోని పోగుల్లో అయిదింట నాలుగు వంతులు పేగు నుంచి పైకి వార్త తీసుకువెళ్ళేవే. పై కార్యాలయం ఆజ్ఞాపించేదానికంటే ఆలకించేది ఎక్కువ.

నెట్టడం ఒక్కటే పేగుల పని అయితే తిన్నది అరగకుండానే వెళ్ళిపోయేది. చిన్నపేగు ఎక్కువ సమయం గడిపేది కలపడంలో. అక్కడక్కడా ఉంగరాల్లా ముడుచుకొని, వదిలి, మధ్యలో మళ్ళీ ముడుచుకొని, రొట్టెల పిండిని పిసికినట్టు ఆహారాన్ని రసాలతో కలుపుతుంది. దీనికి తాళం వేసేవి నరాలకూ కండరాలకూ నడుమ ఉండే ప్రత్యేక కణాలు. స్పెయిన్ శాస్త్రజ్ఞుడు రమోన్ ఇ కహాల్ వర్ణించినందున వాటికి ఆయన పేరే ఉంది. అవి జీర్ణాశయంలో నిమిషానికి మూడుసార్లు, చిన్నపేగు మొదట్లో పన్నెండుసార్లు, చివరికి వచ్చేసరికి ఎనిమిదిసార్ల చొప్పున విద్యుత్ అలలు పుట్టిస్తాయి. ఎగువన వేగం ఎక్కువ, దిగువన తక్కువ కావడం వల్ల కూడా ఆహారం కిందికే సాగుతుంది.

రమజాన్‌లో మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉంది. ఉపవాసి కడుపు మధ్యాహ్నానికి గుడగుడమంటుంది, మూలుగుతుంది. పేగులు ఎండిపోతున్నాయేమో, పుండు పడుతుందేమోనని ఇంట్లో పెద్దలు కంగారుపడతారు. నిజానికి అది ఊడ్పు సమయం. భోజనం జీర్ణాశయాన్ని దాటిపోయిన తర్వాత, గంటన్నర నుంచి రెండు గంటలకు ఒకసారి ఒక బలమైన అల జీర్ణాశయంలో పుట్టి, చిన్నపేగు చివరిదాకా మెల్లగా సాగుతుంది. మిగిలిన మెతుకులు, అరగని పీచు, రాలిన కణాలు, అక్కడ చేరి పెరగజూసే సూక్ష్మజీవులు అన్నిటినీ ఊడ్చి పెద్దపేగువైపు తోస్తుంది. ఖాళీ గొట్టంలో గాలీ నీరూ కదులుతున్నందువల్ల చప్పుడు. 1969లో ఈ అలను కుక్కల పేగులలో వివరంగా కొలిచారు. తర్వాత మనుషులలోనూ గుర్తించారు. తినగానే ఈ అల ఆగిపోతుంది, కలిపే పని మొదలవుతుంది. దీనినిబట్టి ఒక మాట చెప్పవచ్చు. గంటకోసారి చాయ్, బిస్కట్టు, మిర్చి బజ్జీ అంటూ ఉండే నోరు చిన్నపేగుకు ఊడ్చుకునే తీరిక ఇవ్వదు. రోజాతో కడుపుకు విశ్రాంతి అని అంటూ ఉంటాము. ఒక విధంగా చెప్పాలంటే అది పేగులకు శుభ్రపరచుకొనే సమయం.

ఇఫ్తార్ దస్తర్‌ఖాన్‌పై మనం చేసేది వేరే సంగతి. జీర్ణాశయం పైభాగం ముద్ద రాకను ముందే గ్రహించి సడలి చోటిస్తుంది. ఆ సడలింపుకు హద్దు ఉంది. కొవ్వు చిన్నపేగును తాకగానే అక్కడి నుంచి జీర్ణాశయానికి ‘నెమ్మది’ అని కబురు వెళుతుంది. అందుకే హలీమ్, పకోడీలు నిండిన కడుపుతో తరావీహ్‌లో నిలబడలేక ఆయాసపడతాము. కడుపులో ఒక వంతు ఆహారానికి, ఒక వంతు నీటికి, ఒక వంతు ఊపిరికి ఉంచుకోవాలని దైవప్రవక్త (స) బోధించిన విషయం ఈ పత్రిక పాఠకులకు కొత్త కాదు.

ఇక షిఫ్టుల సంగతి. 1889లో ఇల్లందులో మొదలైన సింగరేణి బొగ్గు తవ్వకం 1960ల నాటికి గోదావరి ఒడ్డున ఉన్న మా ప్రాంతానికి చేరింది. అప్పటి నుంచి ఇక్కడి ఇళ్ళలో పొయ్యి వెలిగే వేళలు సైరన్‌ను బట్టి మారుతూ వస్తున్నాయి. పెద్దపేగుకు మాత్రం సొంత గడియారం ఉంది. రాత్రి నిద్రలో అది దాదాపు నిశ్చలంగా ఉంటుంది. తెల్లవారి మేలుకోగానే కదలిక పెరుగుతుంది. దానికి తోడు నాష్తా కడుపులో పడగానే జీర్ణాశయం నుంచి పెద్దపేగుకు కబురు అందుతుంది; రోజులో కొద్దిసార్లు మాత్రమే వచ్చే పెద్ద నెట్టుడు అప్పుడు వస్తుంది. మేలుకోవడం, తినడం, విసర్జన ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి రావడం అందువల్లనే. రాత్రి షిఫ్టువాడు ఉదయం ఇంటికి వచ్చి తిని పడుకుంటాడు. పెద్దపేగు మేలుకొనే వేళకు మనిషి నిద్రపోతాడు, మనిషి పనిచేసే వేళకు పేగు నిద్రపోతుంది. ఆ కొత్త క్రమానికి శరీరం అలవాటు పడేలోగా షిఫ్టు మారుతుంది. అమెరికాలో షిఫ్టులు మారే నర్సులను పగలు మాత్రమే పనిచేసే నర్సులతో పోల్చి 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. షిఫ్టులు మారేవారిలో కడుపునొప్పి, పేగుల అస్వస్థత ఎక్కువగా కనిపించాయి. గని కార్మికుని భార్యకు ఈ మాట చెప్పడానికి పరిశోధన అక్కరలేదు. షిఫ్టును మార్చడం కార్మికుని చేతిలో లేదు. కానీ నిద్ర లేచిన తర్వాత, అది మధ్యాహ్నం రెండు గంటలైనా సరే, గోరువెచ్చని నీళ్ళు తాగి, ఏదైనా తిని, పది నిమిషాలు మరుగుదొడ్డికి కేటాయించడం అతని చేతిలో ఉంది. ఆ పది నిమిషాలు ఇంట్లోవాళ్ళు అతన్ని బజారు పనికి తొందరపెట్టకుండా ఉండగలిగితే ఎంతో మేలు.

మొదట చెప్పిన ద్వారం దగ్గరికి వచ్చాము. మన ఇష్టానికీ పేగు ఇష్టానికీ ముఖాముఖి జరిగేది ఇక్కడే. ద్వారానికి ఇద్దరు కావలివాళ్ళు. లోపలివాడు మన మాట వినడు. పురీషనాళం నిండి గోడ సాగగానే నరాల వల ఆజ్ఞతో తనంతట తాను తలుపు వదులుతాడు. బయటివాడు మన మాట వింటాడు. సమయం కాదనుకుంటే గట్టిగా బిగించి ఉంచుతాడు. వీరిద్దరి మధ్య ఉన్న ఏర్పాటు అల్లాహ్ మనకు ప్రసాదించిన గౌరవం. అది లేకపోతే మనిషి మజ్లిసులో కూర్చోలేడు.

అయితే బయటివాడిని అదే పనిగా బిగించి ఉంచితే ఏమవుతుంది? పురీషనాళం సర్దుకొని మరికొంత సాగుతుంది, వేగం చల్లబడుతుంది. ‘పోయింది, ఇక ఇబ్బంది లేదు’ అనుకుంటాము. లోపల ఉన్న మలం నుంచి పెద్దపేగు నీటిని పీల్చుకుంటూనే ఉంటుంది. అది గట్టిపడుతుంది. మరునాడు నొప్పి కలుగుతుంది, నొప్పికి భయపడి మళ్ళీ ఆపుకుంటాము. పదే పదే సాగిన గోడకు తాను నిండానన్న స్పృహ తగ్గిపోతుంది. భూగర్భంలో ఎనిమిది గంటలు గడిపేవాళ్ళు, బస్సు డ్రైవర్లు, ఇంటి నిండా మగవాళ్ళున్న చిన్న క్వార్టర్లలో తమ వంతు కోసం కాచుకునే ఆడవాళ్ళు ఈ అలవాటులో పడతారు. మన షరీఅత్ దీనిని ఎంత సూక్ష్మంగా పట్టించుకుందో చూడండి. మలమూత్రాలను ఆపుకుంటూ నమాజు చేయరాదని హజ్రత్ ఆయిషా (ర.అన్హా) ఉల్లేఖించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఫిఖహ్ గ్రంథాలలో మూత్రం ఆపుకున్నవానికి హాఖిన్ అనీ, మలం ఆపుకున్నవానికి హాఖిబ్ అనీ వేర్వేరు పేర్లే ఉన్నాయి. జమాఅత్ తప్పిపోతుందేమోనన్న ఆత్రంతో ఆపుకొని సఫ్‌లో నిలబడే సోదరులకు మేము ఈ పేర్లు గుర్తుచేస్తూ ఉంటాము.

అందరికంటే ఎక్కువ బాధపడేది పిల్లలు. ఇంటి వద్ద అలవాటైన చోటు వదలి హాస్టలుకో మద్రసాకో వచ్చిన ఏడెనిమిదేళ్ళ బాలుడికి మరుగుదొడ్డి చీకటిగా, తడిగా, గడియ లేకుండా కనిపిస్తుంది. బయట వరుసలో పెద్దపిల్లలు తలుపు కొడుతూ ఉంటారు. ఆపుకోవడం మొదలవుతుంది. కొన్ని వారాలకు పురీషనాళంలో గట్టి ఉండ తయారవుతుంది. దాని పక్కల నుంచి పలచటి మలం కారి లుంగీకో పైజామాకో అంటుకుంటుంది. సాగిపోయిన గోడకు స్పర్శ తెలియదు కాబట్టి ఆ సంగతి బిడ్డకు తెలియనే తెలియదు. చూసేవారికి మాత్రం ఇది విరేచనాలుగానో, సోమరితనంగానో, మొండితనంగానో కనిపిస్తుంది. కొడతారు, తోటివాళ్ళ ముందు సిగ్గుపరుస్తారు. ఒక బాలుడు ఇలాగే మరొకచోట దెబ్బలు తిని, చదువు మాన్పించబడి మా వద్దకు వచ్చాడు. సింగరేణిలో పనిచేసే అతని అబ్బా తల దించుకొని ‘వీడికి షర్మ్ లేదు మౌల్వీ సాబ్’ అన్నారు. పిల్లల వైద్యుడు పొట్టను తడిమి చూసి గట్టి ఉండను గుర్తించారు. మలాన్ని మెత్తపరచే మందు కొన్ని నెలలపాటు సాగింది. సాగిన పేగు తిరిగి తన కొలతకు రావడానికి అంత కాలం పడుతుందని ఆయన ముందే హెచ్చరించారు. మధ్యలో మానితే మళ్ళీ మొదటికి వస్తుందన్నారు. రోజుకు రెండుసార్లు, తిన్న తర్వాత, తొందరలేకుండా కూర్చోవడం అలవాటు చేయించాము. బాలుడు ఇప్పుడు హిఫ్జ్ చేస్తున్నాడు. బట్టలు పాడుచేసుకొనే పిల్లవాణ్ణి కొట్టే ముందు వైద్యునికి చూపించమని తల్లిదండ్రులను, ఉస్తాదులను చేతులు జోడించి వేడుకుంటున్నాము. కొట్టిన తర్వాత చూపించడం కాదు, కొట్టకుండా చూపించడం.

కూర్చునే తీరు గురించి ఒక్క మాట. ద్వారం వెనుక ఒక కండరం కొక్కెంలా పురీషనాళాన్ని ముందుకు లాగి మెలిపెట్టి ఉంచుతుంది. గొంతుకు కూర్చుంటే ఆ మెలిక చాలావరకు తిన్నగా అవుతుంది. కుర్చీ వంటి కమోడ్ వాడే ఇళ్ళలో పిల్లల కాళ్ళ కింద చిన్న పీట వేస్తే చాలు.

ఇప్పటిదాకా చెప్పినవి ఉన్న నరాలను మనం పాడుచేసుకునే సంగతులు. నరాలే లేకుండా పుట్టే బిడ్డలు ఉన్నారు. గర్భంలో నాలుగో వారం ప్రాంతంలో, పిండం మెడ భాగం నుంచి నాడీకణాలు బయలుదేరి పేగు వెంబడి కిందికి ప్రయాణిస్తాయి. దారి పొడవునా స్థిరపడుతూ ఏడో వారానికి చివరికి చేరుకుంటాయి. దాదాపు అయిదువేల మందిలో ఒక బిడ్డకు ఈ ప్రయాణం మధ్యలోనే ఆగిపోతుంది. అవి చేరని చివరి భాగంలో కండరం ఉంటుంది, ముడుచుకుంటుంది. సడలమని చెప్పేవారు ఉండరు. ఆ భాగం బిగుసుకుపోతుంది, దానికి ఎగువన ఆరోగ్యంగా ఉన్న పేగు నిండి ఉబ్బిపోతుంది. నేఫా ముందు వదులు కాకపోతే పిన్ను ఆగిపోయినట్టే. కోపెన్‌హేగన్ పిల్లల వైద్యుడు హిర్ష్‌స్ప్రంగ్ 1886లో దీనిని వైద్యలోకానికి వివరించారు, జబ్బుకు ఆయన పేరే వచ్చింది. ఉబ్బిన భాగమే చెడిపోయిందని చాలాకాలం పొరబడ్డారు. నిజమైన లోపం సన్నగా, మామూలుగా కనిపించే కింది భాగంలో ఉంది. 1948లో బోస్టన్‌లో స్వెన్సన్ నరాలు లేని భాగాన్ని తొలగించి, మంచి పేగును కిందికి లాగి అతికించే శస్త్రచికిత్సను ప్రచురించారు. ఈనాడు అదే మార్గంలో ఎందరో పిల్లలు బతికి బట్టకడుతున్నారు.

నానీమాలు, దాదీమాలు ఈ ఒక్కటి గుర్తుంచుకోవాలి. నెలలు నిండి పుట్టిన బిడ్డ నల్లటి, జిగురైన మొదటి మలాన్ని సాధారణంగా ఇరవైనాలుగు గంటల లోపే విసర్జిస్తుంది. నలభై ఎనిమిది గంటలు గడిచినా రాకపోతే, పొట్ట ఉబ్బితే, పచ్చటి వాంతి అయితే ఘుట్టీ పోయడం, ఆముదం నాకించడం, పొట్టపై ఇంగువ రాయడం వంటివి చేస్తూ మరో రోజు వేచి ఉండకూడదు. దమ్ చేసిన నీళ్ళ కోసం మా దగ్గరికి కూడా రాకూడదు. దుఆ దారిలో చేసుకోవచ్చు. ముందు దగ్గరి ఆసుపత్రికి, అక్కడివారు చెబితే పిల్లల శస్త్రచికిత్స విభాగం ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి. ఆఖరి నిజాం కోడలు నీలోఫర్ పేరిట హైదరాబాదులో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది.

పెద్దవారిలో ఇటువంటిదే అన్నవాహిక కింది కొసన రావచ్చు. అక్కడ సడలించే నరాలు నశిస్తే ముద్ద దిగదు, నీరు కూడా దిగదు, పడుకుంటే తిన్నది గొంతులోకి వస్తుంది. దీనిని అకలేషియా అంటారు. బిగుసుకున్న కండరాన్ని నోటి గుండా పంపిన గొట్టంతోనే లోపలి నుంచి కోసే పద్ధతిని జపాన్ వైద్యుడు ఇనౌ 2008లో ప్రారంభించారు. హైదరాబాదులో డాక్టర్ డి. నాగేశ్వర్‌రెడ్డి నెలకొల్పిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో వందలాది రోగులకు ఈ చికిత్స జరిగింది. నెలల తరబడి ముద్ద దిగడం లేదంటే గ్యాస్ మాత్రలతో కాలం గడపవద్దు. క్యాన్సర్ కూడా అలాగే మొదలవుతుంది కాబట్టి పరీక్ష తప్పనిసరి.

మందుల విషయానికి వస్తే, అత్తర్ దుకాణాల్లో అమ్మే సనా మక్కీ, అంటే మన సునాముఖి, పెద్దపేగులోని నరాలను ప్రేరేపించి కండరాన్ని కదిలిస్తుంది. హదీసులలో ప్రస్తావన ఉన్న ఆకు అది. ప్రస్తావన ఉన్నంత మాత్రాన గర్భిణులు, పసిపిల్లలు, నిరంతర కడుపునొప్పి ఉన్నవారు ఇష్టం వచ్చినట్టు వాడవచ్చని కాదు. అవసరానికి, కొద్దిరోజులకు, తెలిసినవారిని అడిగి. ఇసబ్‌గోల్ దారి వేరు. అది నీటిని పట్టుకొని ఉబ్బి గోడను సాగదీస్తుంది, మిగతా పని పేగు తానే చేసుకుంటుంది. నీళ్ళు తాగకుండా ఇసబ్‌గోల్ మింగితే మేలుకు బదులు కీడు. విరేచనాలను ఆపే లోపెరమైడ్ మాత్రలు ఈ నరాల వలనే నిద్రపుచ్చుతాయి. చిన్నపిల్లల విరేచనాలకు ఆ మాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చి వేయకూడదు. పేగు పూర్తిగా స్తంభించే ప్రమాదం ఉంది. వారికి కావలసింది ఓఆర్ఎస్, జింకు, వైద్యుని సలహా. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, నడివయసు దాటిన తర్వాత అలవాటు హఠాత్తుగా మారడం, కడుపు ఉబ్బి గాలి కూడా వెళ్ళకపోవడం, ఇవి ఇంటి వైద్యానికి లొంగేవి కావు.

మా మద్రసాలో ఇప్పుడు నాష్తాకూ మొదటి పాఠానికీ మధ్య ఇరవై నిమిషాలు ఖాళీ ఉంచుతున్నాము. మరుగుదొడ్లకు లోపలి గడియలు వేయించాము, బల్బులు పెట్టించాము. తలుపు కొట్టకూడదన్నది నియమం. పాఠం మధ్యలో చేయి ఎత్తిన పిల్లవాణ్ణి ఎందుకని ఎవరూ అడగరు.